మొదట దాచి, చివర దబాయించి

డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. ఎప్పుడో పోయిన తన తల్లి కోసం ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఎదురుచూస్తూ ‘మా అమ్మ ఇంకా రాలేదేం?’ అని అడిగితే ఏం చెప్పాలి? ‘ఆవిడ పోయి నలభై ఏళ్ళయింది’ అని నిజం చెప్పాలా, ‘వస్తుందిలే’ అని నమ్మించాలా? మన దేశంలో అరవై దాటిన వారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన జాతీయ అంచనా చెబుతోంది. వారిలో అత్యధికుల్ని చూసుకునేది ఇంటివాళ్ళే. మందు ఏ పూట ఎంత వెయ్యాలో డాక్టరు చీటీలో రాసిస్తారు. ఈ ప్రశ్నకు జవాబు ఏ చీటీలోనూ ఉండదు. అందుకే దీన్ని ఇద్దరి మధ్య వాదంగా పెడుతున్నాను. ఒకరు జీవితమంతా తెలుగు పాఠం చెప్పి రిటైరైన మాస్టారు. మరొకరు ఆయన దగ్గర చదువుకుని, జ్ఞాపకశక్తి సమస్యలున్న పెద్దవాళ్ళతో ఇప్పుడు పనిచేస్తున్న సైకాలజిస్టు శారద. ఇద్దరూ కల్పితులే. వాళ్ళు చూపే ఆధారాలు కల్పితాలు కావు.

మాస్టారు: జబ్బు చేసింది కదా అని మనిషితో మాట్లాడే నీతి మారిపోతుందా అమ్మా? కాలు విరిగినవాడికి నిజం చెబుతాం. కేన్సర్ వచ్చినవాడికీ చెప్పాలంటాం. జ్ఞాపకం తగ్గినవాళ్ళకు మాత్రం అబద్ధం చాలంటే ఆ మనిషిని మనం ఒక మెట్టు దించినట్టే. ఉన్నదున్నట్టు చెప్పడమంటే ‘నువ్వూ నేనూ ఒకే లోకంలో ఉన్నాం, నిన్ను నాతో సమానంగా లెక్కిస్తున్నాను’ అని ఒప్పుకోవడం. అది ఒక్కసారి వదిలేస్తే ఇక ఆ ఇంట్లో పెద్దావిడ మాటకు విలువ ఉండదు. అందరూ ఆమె ముందు తలూపి, పక్కకు వెళ్ళి ఇంకోటి మాట్లాడుకుంటారు. ఈ పరీక్ష మన సాహిత్యానికి కొత్త కాదు. పోతన భాగవతం వామనచరిత్రలో శుక్రాచార్యుడు బలికి ఏం చెప్పాడు? ఫలానా సందర్భాల్లో బొంకినా పాపం రాదు, మాట తప్పి రాజ్యం దక్కించుకో అన్నాడు. మినహాయింపులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి మరీ చెప్పాడు. బలి వాటిని పట్టించుకోలేదు. సర్వం పోతుందని తెలిసీ మాట నిలబెట్టుకున్నాడు. ఇన్ని వందల ఏళ్ళుగా మనం చేతులెత్తి మొక్కుతున్నది మినహాయింపులు చెప్పిన గురువుకు కాదు, వాటిని కాదన్న శిష్యుడికి. కన్నతల్లి దగ్గరే మినహాయింపులు వెతుక్కోవడం మొదలుపెడితే వాటికి అంతెక్కడ?

శారద: మాస్టారూ, బలి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ పెద్దావిడ తలలో ఏం జరుగుతుందో చూద్దాం. నిజం చెప్పడమంటే ఒక సంగతిని ఎదుటివారి మనసుకు చేర్చడం కదా, అది చేరుతుందా లేదా అన్నది ముందు తేలాలి. డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్‌లో, మెదడులో తొలిగా దెబ్బతినే భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. కొత్త సంగతుల్ని జ్ఞాపకంగా నిలపడంలో దానిదే ముఖ్యమైన పాత్ర. అందుకే పదేళ్ళ వయసునాటి ఊరిని, చెరువుని, బడిని కళ్ళకు కట్టినట్టు చెప్పగలిగిన మనిషికి పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. ‘మీ అమ్మ పోయింది’ అంటే ఆమెకు అది పాత సంగతి కాదు, అప్పుడే తొలిసారి వింటున్న చావుకబురు. కుప్పకూలి ఏడుస్తుంది. పావుగంటకు కబురు మరిచిపోతుంది. మరి దుఃఖమో? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ ఉన్న 17 మందికి, జబ్బు లేని మరో 17 మందికి ఏడిపించే సినిమా దృశ్యాలు కొన్ని, నవ్వించేవి కొన్ని విడివిడిగా చూపించారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. కొద్ది నిమిషాల్లోనే జబ్బున్నవాళ్ళు చూసినదంతా దాదాపు మరిచిపోయారు. కలిగిన భావం మాత్రం అరగంట దాకా కొలిచినా కనిపిస్తూనే ఉంది. పైగా దృశ్యాలు ఎవరికి తక్కువ గుర్తున్నాయో వాళ్ళలో దుఃఖం ఎక్కువసేపు నిలిచింది. ఇలాంటిదే 1911లో జెనీవా మానసిక శాస్త్రవేత్త క్లాపరేడ్ రాశాడు. కొత్తవేవీ గుర్తుండని ఒక స్త్రీతో చేయి కలుపుతూ, వేళ్ళ మధ్య దాచిన సూదితో గుచ్చాడు. తర్వాత ఆమెకు ఆ సంగతి గుర్తులేదు. చెయ్యి ఇవ్వడానికి మాత్రం వెనుకాడింది. అంటే మనం చెప్పిన నిజం నిలవదు, అది పెట్టిన నొప్పి నిలుస్తుంది. ఎందుకు దిగులుగా ఉందో తనకే తెలియని దిగులును మిగిల్చే మాటను నేను గౌరవం అనలేను.

మాస్టారు: పదిహేడు మందినీ కొన్ని సినిమా ముక్కల్నీ చూసి ఇంత మాట అనవచ్చా? తల్లి పోయిందని విని ఏడవడంలో జబ్బేముంది? అది మనిషితనం. ప్రతి దుఃఖాన్నీ హాని కింద లెక్కేస్తే మన బతుకుల్లో మిగిలేదేమీ ఉండదు. ఇంకో సంగతి. మెదడుకు పని చెబుతూ ఉంటే నిలుస్తుందని మీవాళ్ళే అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో వెలువరించిన ఫలితం నేనూ చదివాను. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందట. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించిందట. తెలుగుకూ ఉర్దూకూ మధ్య రోజంతా తిరిగిన మెదడు అంత బలం కూడగట్టుకుంటే, ‘ఇవాళ ఏ వారం, ఈయనెవరు, మీ అమ్మ ఎప్పుడు పోయింది’ అని అడిగి దిద్దడం కూడా దానికి పనే కదా! దిద్దడం మానేస్తే ఉన్న కాస్తా జారిపోదా? పిల్లవాడు తప్పు చదువుతుంటే ఊరుకున్నవాణ్ణి నేను ఉపాధ్యాయుడు అనను. పోనీ, ‘వాళ్ళ లోకంలోకి మనమే వెళ్ళాలి’ అనే మీ పద్ధతికైనా రుజువుందా?

శారద: రుజువు అడగడం న్యాయమే. నయోమి ఫైల్ అనే అమెరికన్ సోషల్ వర్కర్ రూపొందించిన ‘వాలిడేషన్’ పద్ధతిని 2003లో, వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలవంది. కాబట్టి ఆ పద్ధతి పేరు చెప్పి నేను వాదించను. మీరు చెప్పే దిద్దే పద్ధతికీ చరిత్ర ఉంది. 1950ల చివరినుంచి అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ‘రియాలిటీ ఓరియెంటేషన్’ పేరుతో తేదీ, వారం, ఊరు, ఎదుటివారి పేరు పదేపదే చెప్పించేవారు. కొంత మేలు జరిగిన మాట నిజం. కానీ గద్దింపుగా, యంత్రంలా వాడిన చోట మనుషులు చిన్నబుచ్చుకున్నారన్న విమర్శ బలంగా వచ్చింది. అందులోని మంచిని తీసుకుని, గద్దింపును వదిలేసి లండన్ పరిశోధకులు ‘కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ’ తయారుచేశారు. ఏడు వారాల్లో 14 సార్లు కొద్దిమంది కలిసి కూర్చుంటారు. 201 మందితో జరిపిన పరీక్ష 2003లో అచ్చయింది. అందులో ఆలోచనాశక్తీ, బతుకు మీద తృప్తీ రెండూ మెరుగయ్యాయి. దాని ముఖ్యమైన నియమం ఏమిటంటే, వాస్తవాలు కాదు, అభిప్రాయాలు అడగాలి. ‘ఈ ఫోటోలో ఉన్నదెవరు?’ అని అడిగితే తప్పు చెప్పే ప్రమాదం ఉంది. ‘ఈ రెండు చీరల్లో ఏది బాగుంది?’ అంటే తప్పు జవాబే లేదు, మెదడుకు పని మాత్రం ఉంది. మీరు చెప్పిన నిమ్స్ ఫలితం జబ్బుకు ముందు దశాబ్దాల పాటు కూడబెట్టుకున్న బలం గురించి, జబ్బు వచ్చాక పెట్టే పరీక్షల గురించి కాదు. పిల్లవాణ్ణి దిద్దితే రేపటికి ఒప్పు నిలుస్తుందన్న నమ్మకం మీద బడి నడుస్తుంది. ఇక్కడ ఆ రేపు లేదు. అయినా మన ఇళ్ళలో పరీక్షలు ఆగవు. పెళ్ళికొచ్చిన ప్రతి చుట్టమూ పెద్దావిడ ముందు వంగి ‘నేనెవరో చెప్పుకో చూద్దాం’ అంటారు. డాలస్ నుంచి వీడియో కాల్ చేసిన కొడుకు ‘అమ్మా, గుర్తుపట్టావా?’ అని నాలుగుసార్లు అడుగుతాడు. అందరిదీ ప్రేమే. ఆమెకు మాత్రం అది పదిమందిలో తప్పిన పరీక్ష. అదే కొడుకు ‘అమ్మా, నేను నీ చిన్నకొడుకు శీనుని, డాలస్ నుంచి మాట్లాడుతున్నా’ అంటే అదీ నిజమే, పైగా ఆమెకు అక్కరకొచ్చే నిజం. గోడ మీద పెద్ద అంకెల క్యాలెండర్, మంచానికి ఎదురుగా గడియారం, బాత్రూమ్ తలుపు మీద గుర్తు, పొద్దున లేస్తూనే ‘ఇవాళ భోగి అత్తయ్యా, తలంటు పోసుకుందామా’ అనే పలకరింపు, ఇవన్నీ నిజాన్ని ఆమె చేతికి అందించే పనులే. సత్యాన్ని వదిలేయమని నేను అనడం లేదు మాస్టారూ. దాన్ని బెత్తంగా వాడవద్దంటున్నాను.

మాస్టారు: నిజం చేతికి అందించడం నాకూ సమ్మతమే. మన తగువు అక్కడ లేదు. ఆవిడ నిలదీసి అడిగినప్పుడు ఉంది. అప్పుడు ‘వస్తుందిలే’ అన్నది అబద్ధం. అబద్ధంతో వచ్చిన చిక్కేమిటంటే అది విన్నవాళ్ళ కంటే చెప్పినవాళ్ళకే ఎక్కువ సుఖం. జర్మనీలో డుస్సెల్‌డార్ఫ్‌లో ఒక వృద్ధుల సంరక్షణాలయం ముందు బస్సులు రాని బస్టాపు పెట్టారు. ఇంటికి పోతామని బయటికి వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుని, కాసేపటికి ఆ సంగతి మరిచి లోపలికి వస్తారని వాళ్ళ ఆలోచన. దయతోనే పెట్టి ఉండవచ్చు. అయినా రాని బస్సు కోసం మనిషిని కూర్చోబెట్టడం తలచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది. బ్రిటన్‌లో ఇలాంటి సంరక్షణ సిబ్బందిని అడిగితే నూటికి తొంభై మందికి పైగా అబద్ధాలు వాడతామని ఒప్పుకున్నట్టు 2006లో ఒక పరిశోధన వచ్చింది. అంత సులువుగా అలవాటయ్యే పనిని మందు అనలేం. ఇక మన ఊళ్ళ సంగతి చూడు. ఇవాళ ‘మీ అమ్మ వస్తుంది’ అన్న నోరే రేపు ‘ఇది పింఛను కాగితం, వేలిముద్ర వెయ్యి’ అని పొలం రాయించుకోదన్న పూచీ ఏమిటి? మొదటి అబద్ధం ప్రేమతో చెబుతారు. రెండోది ఓపిక లేక చెబుతారు. మూడోది ఆస్తి కోసం చెబుతారు. ఈ మూడింటి మధ్య గోడ ఎక్కడ కడతావు?

శారద: మీ పక్షానికి సాక్ష్యం నేనే ఇస్తాను. డిమెన్షియా ఉన్న మనిషి వ్యక్తిత్వాన్ని చుట్టూ ఉన్నవాళ్ళే ఎలా కూలుస్తారో బ్రిటిష్ మానసిక శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ 1997 నాటి పుస్తకంలో 17 రకాలుగా చెప్పాడు. అందులో మొదటిదే మోసంతో లొంగదీయడం. పసిపిల్లలా చూడటం, ఎదుటే ఉన్నా లేనట్టు మాట్లాడుకోవడం అందులో ఉన్నాయి. కానీ అదే జాబితాలో ఆ మనిషికి కలిగిన భావాన్ని కొట్టిపారేయడమూ ఉంది. మీరు భయపడే తప్పూ నేను భయపడే తప్పూ రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పుడు బలి దగ్గరికి వస్తాను. బలి నిలబెట్టుకున్న సత్యానికి మూల్యం బలే చెల్లించాడు. అందుకే మొక్కుతున్నాం. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ మీరు మాకు పాఠం చెప్పినదే. దొంగల నుంచి పారిపోయి అడవిలో దాక్కున్నవాళ్ళ జాడ ఆ తాపసి, తన సత్యవ్రతం చెడకూడదని, దొంగలకే చెప్పాడు. దాక్కున్నవాళ్ళు హతమైపోయారు, కౌశికుడు నరకానికి పోయాడు. అతని సత్యానికి మూల్యం చెల్లించింది ఇతరులు. ‘నేను అబద్ధమాడలేదు’ అన్న తృప్తి మనకు దక్కి, దాని ఖరీదు ఆ పెద్దావిడ రోజుకు నాలుగుసార్లు ఏడ్చి కడుతుంటే మనం ఉన్నది బలి వైపు కాదు, కౌశికుడి వైపు.

ఇక గోడ సంగతి. నిజం, అబద్ధం అని రెండే దారులున్నట్టు మాట్లాడుకుంటున్నాం కానీ వాటి మధ్య చాలా చోటుంది. మొదట అడగవలసింది ‘ఏం చెప్పాలి’ అని కాదు, ‘ఈమెకు ఇప్పుడు ఏం కావాలి’ అని. సొంత ఇంట్లో కూర్చుని ‘మా ఇంటికి పోతాను’ అనే మనిషికి ఆకలి కావచ్చు, మూత్రం వస్తుండవచ్చు, మోకాలు నొప్పి కావచ్చు, సాయంత్రపు మసకలో కలిగే బెదురు కావచ్చు. మొన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఒకట్రెండు రోజుల్లో హఠాత్తుగా కలవరపడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా మొదలుపెట్టిన మందో కారణం కావచ్చు. అప్పుడు కావలసింది మాట కాదు, డాక్టరు. అదేమీ కాకపోతే రెండో మెట్టు, భావానికి జవాబు చెప్పడం. ‘అమ్మ మీద బెంగగా ఉందా అత్తయ్యా? మీ అమ్మ చేతి వంటలో మీకు ఏది ఇష్టం?’ ఇందులో ఒక్క అబద్ధం లేదు, చావుకబురూ లేదు. ‘నా గొలుసు కోడలు తీసింది’ అన్నప్పుడు ‘తీయలేదు’ అని వాదిస్తే ఆ నింద గట్టిపడుతుంది. ‘గొలుసు కనబడకపోతే కంగారే మరి, పదండి వెతుకుదాం’ అంటే ఆమె భయానికి తోడు దొరుకుతుంది. మూడో మెట్టు, గది మార్చడం, పెరట్లోకి తీసుకెళ్ళడం, చేతికి చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీయమనడం. ఇవన్నీ చేసినా ఆమె వణికిపోతూ రోడ్డు మీదికి పరుగెత్తుతుంటే, అప్పుడు మాత్రమే, ఆమెను కాపాడేందుకు అన్న ఒక మాటను నేను పాపం అనను. గోడ ఇక్కడ ఉంది. ఆమె భయాన్ని తగ్గించే మాట ఇవతల, ఆమె దగ్గరనుంచి ఏదైనా తీసుకునే మాట అవతల. సంతకం, వేలిముద్ర, పొలం, నగలు, ఆపరేషన్‌కు ఒప్పుకోలు, వీటి దగ్గర అబద్ధానికి చోటే లేదు. ఒప్పందం చేసుకునేవారికి అదేమిటో, తమకు లాభమో నష్టమో అర్థం చేసుకోగల స్థితి ఆ సమయానికి ఉండాలని 1872 నాటి ఒప్పందాల చట్టమే చెబుతోంది.

మాస్టారు: గోడ బాగానే కట్టావు, మరి కాపలా ఎవరు? ఇది ఆమె మేలుకా, నా సుఖానికా అని తేల్చేది రాత్రంతా నిద్రలేక నీరసపడిన ఆ ఇంటి మనిషే. పగలు పదిసార్లు అదే ప్రశ్న విన్నాక నీ మెట్లన్నీ ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? నేరుగా చివరి మెట్టుకే దూకుతారు. ఇంకో కొరత కూడా ఉంది. నువ్వు ఎన్ని పరిశోధనలు చెప్పినా అన్నింట్లోనూ డాక్టర్లు మాట్లాడారు, సిబ్బంది మాట్లాడారు, ఇంటివాళ్ళు మాట్లాడారు. జబ్బు మోస్తున్న మనిషిని ఎవరైనా అడిగారా? ‘నీ జ్ఞాపకం బాగా తగ్గాక నీతో అబద్ధం చెప్పవచ్చా?’ అని ఆ మనిషినే అడిగి, ఒప్పుకోలు తీసుకుని ఉంటే నా అభ్యంతరం సగం తీరిపోయేది. అడగకుండా చేసే మేలు ఎంత మేలైనా పెత్తనమే.

శారద: అడిగారు మాస్టారూ. డిమెన్షియా ఉన్నవాళ్ళనే కూర్చోబెట్టి మాట్లాడిన ఒక బ్రిటిష్ అధ్యయనం 2011లో వచ్చింది. వాళ్ళలో చాలామంది చెప్పినదాని సారం ఇది: మా మేలుకైతే ఒప్పుకుంటాం, కానీ అది అబద్ధమని మాకు తెలిసే దశలో చెబితే అవమానం. అక్కడి మెంటల్ హెల్త్ ఫౌండేషన్ సత్యం, అబద్ధం అన్న ఈ విషయం మీదే ఒక విచారణ నడిపి, జబ్బున్నవాళ్ళను అందులో భాగం చేసింది; దాని నివేదిక 2016లో వచ్చింది. అది కూడా సాధ్యమైనంత వరకు నిజానికి దగ్గరగానే మొదలుపెట్టమంది. మీరు కోరిన ఒప్పుకోలుకు ఒక సమయం ఉంది. అది జబ్బు తొలి దశ. అప్పుడు ఆ మనిషి వినగలరు, బాధపడి తేరుకోగలరు, రేపటికి ఏర్పాట్లు చేసుకోగలరు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చే నిర్వచనంలో జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్రమైన లోపమూ ఉంది. దాని 5వ సెక్షన్ ప్రకారం, తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. వీలునామా రాసుకోవచ్చు. ఇవన్నీ తెలివి నిలకడగా ఉండగానే జరగాలి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాసిన మనిషి మతి తప్పితే చట్టం దృష్టిలో దానికి కాలం తీరినట్టే. తర్వాత కోర్టు మెట్లు ఎక్కక తప్పదు. మరి ఆ తొలి దశలో మన ఇళ్ళలో ఏం చేస్తున్నారు? రిపోర్టు రాగానే డాక్టరుకు సైగ చేసి ‘అమ్మకు చెప్పకండి’ అంటారు. ‘వయసు కదా, కాస్త మతిమరుపు, అంతే’ అంటారు. నిజం పనికొచ్చే రోజుల్లో దాచిపెట్టి, నిజం గుచ్చుకోవడం తప్ప దేనికీ పనికిరాని రోజుల్లో దబాయించి చెబుతున్నాం.

మాస్టారు: ఇక్కడ నేను నీ కంటే గట్టిగా నిలబడతాను. ఎవరి జబ్బు పేరు వాళ్ళకు తెలియకపోవడం కంటే అన్యాయం లేదు. అయితే ఇంటివాళ్ళ తరఫున రెండు మాటలు అడగాలి. ఆ పేరు వింటే మనిషి మంచం పడుతుందని వాళ్ళ భయం. ఆ భయం ప్రేమలోంచి వచ్చినదే, దాన్ని తోసెయ్యలేం. రెండోది, మన దగ్గర చాలామందిని డాక్టరు దగ్గరికి తెచ్చేసరికే తొలి దశ దాటిపోయి ఉంటుంది. దారి తప్పి పొరుగూళ్ళో దొరికాకో, గ్యాస్ కట్టేయడం మరిచి ప్రమాదం జరగబోయాకో గానీ ఇది జబ్బు అని తోచదు. అప్పటికి అడగవలసిన మనిషిని అడిగే వీలుండదు. మరి వాళ్ళ విషయంలో నీ ఒప్పుకోలు ఎక్కడినుంచి తెస్తావు?

శారద: మొదటిదానికి ఆధారం ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో, జ్ఞాపకశక్తి పరీక్షలకు వచ్చిన 90 మందిని, ఫలితం చెప్పకముందూ చెప్పిన తర్వాతా పరిశీలించి 2008లో వివరాలు వెలువరించారు. జబ్బు పేరు విన్నాక వాళ్ళలో కుంగుబాటు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, ఆందోళన తగ్గింది. ఇది అర్థం చేసుకోదగ్గదే. తనకేదో అవుతోందని ఆ మనిషికి ఇంట్లో అందరికంటే ముందే తెలుసు. డబ్బులు లెక్క తప్పుతున్నప్పుడు, తెలిసిన వీధి కొత్తగా కనిపించినప్పుడు ఒంటరిగా భయపడుతూనే ఉంటారు. పేరు తెలిస్తే ఆ భయాన్ని ఇంకొకరితో పంచుకోవచ్చు. బి12 లోపం, థైరాయిడ్ లాంటి సరిచేయగల కారణాలేమైనా ఉన్నాయేమో కూడా త్వరగా వెళ్ళినవాళ్ళకే తేలుతుంది. వద్దన్నవాళ్ళకు బలవంతంగా చెప్పమని కాదు. ‘పరీక్షలో ఏం వచ్చిందో మీకు వివరంగా చెప్పమంటారా?’ అని వాళ్ళనే అడగాలి. రెండో ప్రశ్న కష్టమైనదే. అడిగే దశ దాటిపోతే ఆ మనిషి బతికిన తీరులోంచే జవాబు వెతకాలి. ముక్కుసూటిగా ‘నాకు ఉన్నదున్నట్టు చెప్పండి’ అని జీవితమంతా అడిగిన మనిషి దగ్గర మూడో మెట్టు దాటకుండా మరింత జాగ్రత్త పడాలి. ఆ తీర్పు ఒక్కరి మీద వదలకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, కోడళ్ళు, చూసుకోవడానికి పెట్టుకున్న మనిషితో సహా కూర్చుని ఏ ప్రశ్నకు ఏమనాలో మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవాలి. ఒకరు ‘పోయింది’ అని, ఇంకొకరు ‘వస్తుంది’ అంటే ఆమెకు ఎవరి మీదా నమ్మకం నిలవదు. మీరు చెప్పిన అలసట అసలు సంగతి. చివరి మెట్టుకు దూకించేది అదే. గొలుసు తీసిందన్న నింద మోసే కోడలికి ‘ఇది జబ్బు అంటున్న మాట, నువ్వు తీయలేదని మాకు తెలుసు’ అని ఇంట్లో అందరూ పైకి చెప్పాలి. వారంలో ఒకటి రెండు రోజులు ఆమెకు విడుపు ఇచ్చే వంతు మిగతావాళ్ళు తీసుకోవాలి. పెద్దల కోసం 14567 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. 1992లో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా శాఖలు నడిపే కుటుంబాల సమావేశాలున్నాయి. ఓపిక కూడా ఎవరో ఒకరు సమకూర్చి పెట్టవలసినదే. ఒంటరి మనిషి దగ్గర అది ఎల్లకాలం ఉండదు.

మాస్టారు: చివరి మెట్టు మీద నా అభ్యంతరం ఇంకా అలాగే ఉందమ్మా. దాన్ని వాడవలసి వచ్చిన ప్రతిసారీ, వాడినవాళ్ళు ఆ సంగతి మిగతావాళ్ళతో చెప్పుకోవాలని నా షరతు. ఎవరికీ చెప్పుకోలేని అబద్ధం ఆమె మేలుకు చెప్పినది అయి ఉండదు.

శారద: ఆ షరతు కూడా కాగితం మీద రాసుకోవలసినదే.

మాస్టారి షరతుతో కలిపి నేను శారద పక్షం. డిమెన్షియా ఉన్న మనిషికి మనం రెండు బాకీలు పడి ఉన్నాం. ఒకటి నిజం, రెండోది నెమ్మది. జబ్బు తొలి దశలో రెండూ తీర్చవచ్చు, తీర్చాలి. ముదిరిన దశలో రెండూ ఒకేసారి తీరని సందర్భాలు వస్తాయి. అప్పుడు నెమ్మదికే మొదటి చోటు ఇవ్వాలి, ఎందుకంటే ఆ మనిషి దగ్గర నిలిచేది అదొక్కటే. కానీ తొలి దశలో నిజం ఎగ్గొట్టినవాళ్ళకు, ముదిరాక ‘నీ మేలుకే’ అని చెప్పే హక్కు బలహీనపడుతుంది. ముందు అడిగి ఉంటే ఆ చివరి మెట్టు ఆ మనిషి ఇచ్చిన అనుమతితో వేసే అడుగు అయ్యేది. అడగకపోవడం వల్లే అది మనం సొంతంగా తీసుకున్న చొరవగా మిగులుతోంది. కాబట్టి మారవలసింది ముందుగా ఆసుపత్రి గదిలో జరిగే ఆ సైగ. జబ్బు పేరు వినాలని ఉందో లేదో డాక్టరు పెద్దావిడనే అడగాలి. ఇంటివాళ్ళు ఆ వారంలోనే ఆమె పక్కన కూర్చుని ఇల్లు, డబ్బు, వైద్యం ఎలా చూడమంటారో, ఎవరి మాట చెల్లాలంటారో, ‘రేపు మీకు గుర్తులేక, చనిపోయినవాళ్ళ గురించి అడిగితే మమ్మల్ని ఏం చెప్పమంటారు’ అనీ అడిగి, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, గొంతు పెగలదు. అయినా ఆ సంభాషణ జరిగిన ఇంట్లోనే తర్వాతి రోజుల్లో మనం పలికే ప్రతి మాట వెనుకా ఆమె అనుమతి ఉంటుంది.